పొడి అక్షరాల వెనక

హెలెన్ అలింగ్‌హామ్ (1848-1926) గురించి ఎవరు రాసినా రెండు మాటలు తప్పవు. ఒకటి, లండన్‌లోని నీటిరంగుల చిత్రకారుల రాయల్ సొసైటీలో పూర్తి సభ్యత్వం పొందిన మొదటి మహిళ అని. రెండోది, 'హ్యాపీ ఇంగ్లండ్'ని బొమ్మకట్టిన చిత్రకారిణి అని. మొదటిది గౌరవంలా వినిపిస్తుంది. రెండోది ముద్దుగా వినిపిస్తుంది. ఈ రెండు మాటలూ కలిసి ఒక పనిమంతురాలిని, యాభై ఏళ్ళ ఆమె పనితో సహా మాయం చేశాయని నా ఫిర్యాదు. ఆ మాయం చెయ్యడంలో స్త్రీవాదులమైన మన చెయ్యి కూడా ఉంది.

ముందు 'మొదటి మహిళ' సంగతి చూద్దాం. ఆ సొసైటీ పుట్టింది 1804లో. హెలెన్‌కి పూర్తి సభ్యత్వం ఇచ్చింది 1890లో. అంటే 86 ఏళ్ళు! ఈలోగా ఆడవాళ్ళు బొమ్మలు వెయ్యలేదా? వేశారు. ఆ సొసైటీ గోడల మీదే వేలాడదీశారు కూడా. కాకపోతే వాళ్ళకి భోజనాల్లో పక్క పంక్తి వేసినట్టు పక్కన ఒక వరస వేశారు. హెలెన్ కూడా 1875 నుంచి పదిహేనేళ్ళు ఆ వరసలో అసోసియేట్‌గానే ఉంది. ఆ పదిహేనేళ్ళలో ముగ్గురు పిల్లల్ని కంది, ఇళ్ళు మారింది, ఏటా బొమ్మలు వేసింది, అమ్మింది. 1890లో ఆమె కుంచెకి కొత్తగా వచ్చిన విద్యేమీ లేదు. మారింది సొసైటీయే.

మరి 'మొదటి మహిళ' అని మనం రాసినప్పుడల్లా అది ఆమె చరిత్ర అవుతోందా, ఆ సొసైటీ చరిత్ర అవుతోందా? ఆలస్యంగా తెరిచిన తలుపుకి దండ వేస్తున్నాం గానీ, ఆ గొళ్ళెం ఎవరు పెట్టారు, ఇన్నాళ్ళు ఎందుకు తియ్యలేదు అని అడగడం లేదు.

ఆ గొళ్ళేల కథ ఆమె ఇంట్లో అంతకు ముందే మొదలైంది. హెలెన్ పిన్ని లారా హెర్ఫర్డ్ 1860లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరడానికి తన బొమ్మలు పంపింది. పేరు పూర్తిగా రాయలేదు. పొడి అక్షరాలూ ఇంటిపేరూ, అంతే. మగవాడనుకుని సీటిచ్చారు. తీరా చూస్తే ఆడమనిషి! ఆడవాళ్ళని చేర్చుకోకూడదని ఎక్కడైనా రాసి ఉందా అని వెతికితే అలాంటి నిబంధన ఒక్కటీ దొరకలేదు. దాన్ని రాసిపెట్టుకోవాలన్న అవసరం కూడా అప్పటిదాకా ఎవరికీ కలగలేదన్నమాట. పితృస్వామ్యం ఎంత నిబ్బరంగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

నిజానికి 1768లో ఆ అకాడమీని స్థాపించినవాళ్ళలో ఇద్దరు స్త్రీలున్నారు. ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నాళ్ళకే యోహాన్ జోఫనీ అనే చిత్రకారుడు అకాడమీ సభ్యులంతా నగ్న నమూనాల దగ్గర కొలువుదీరినట్టు ఒక పెద్ద చిత్రం వేశాడు. అందులో ఆ ఇద్దరూ గదిలో లేరు. గోడకి తగిలించిన పటాల్లో ఉన్నారు. బతికుండగానే పటాలెక్కించడమంటే ఇదే కదా! వాళ్ళ తర్వాత ఇంకో స్త్రీని ఎన్నుకోడానికి అకాడమీకి ఎంతకాలం పట్టిందో చివర్లో చెప్తాను.

హెలెన్ పాటర్సన్ (పుట్టింటి పేరు అది) ఏడుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి డాక్టరు. 1862లో డిఫ్తీరియా వ్యాపించినప్పుడు ఆ జబ్బుతోనే పోయాడు. మూడేళ్ళ చెల్లెలు కూడా పోయింది. అప్పటికి హెలెన్‌కి పదమూడు పద్నాలుగేళ్ళుంటాయి. తల్లి పిల్లల్ని తీసుకుని బర్మింగ్‌హామ్‌లో భర్త తరఫు బంధువుల దగ్గరికి చేరింది. హెలెన్ అక్కడి డిజైన్ స్కూల్లో చదువుకుని, 1867లో లండన్ వెళ్ళి, పిన్ని తెరిచిన దారిలోనే అకాడమీ పాఠశాలలో చేరింది. ఆమె బొమ్మల్లో పూలమొక్కలూ పిల్లికూనలూ చూసి ఈవిడెవరో కష్టం ఎరగని కలవారి అమ్మాయి అనుకునేవాళ్ళ కోసం ఇదంతా చెప్పాల్సి వస్తోంది.

చేర్చుకున్నారు గానీ అన్ని గదుల్లోకీ రానివ్వలేదు. నగ్న నమూనాని ఎదురుగా పెట్టుకుని మానవ శరీరాన్ని గీసే తరగతి ఆడపిల్లలకి లేదు. అది 1893 దాకా లేదు. అప్పుడైనా నమూనాకి కొంత బట్ట కట్టాకే అనుమతి. ఇది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో గొప్ప చిత్రమంటే పెద్ద కాన్వాసు, తైలవర్ణాలు, ఏ చరిత్రో పురాణమో యుద్ధమో, దాన్నిండా కండలు తిరిగిన మనుషులు. ఆ శరీరాల్ని గీయడం నేర్పరు. నేర్పకుండానే, మీ ఆడవాళ్ళు పూలూ పిల్లలూ తప్ప వెయ్యలేరేం అంటారు! ఎలిజబెత్ థామ్సన్ అన్నిటికీ తెగించి యుద్ధచిత్రాలే వేసింది. దేశమంతా పేరు తెచ్చుకుంది. 1879లో అకాడమీ ఎన్నికల్లో రెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. మరి ఈమె పూలు వెయ్యలేదే, ఈమెనెందుకు రానివ్వలేదు?

1971లో లిండా నాక్లిన్ తన ప్రసిద్ధ వ్యాసంలో గట్టిగా పట్టుకున్నది ఈ నగ్న నమూనా సంగతినే. ఆ వ్యాసాన్ని మనం తరగతుల్లో పాఠంగా చెప్తాం, సెమినార్లలో ఉటంకిస్తాం. అలింగ్‌హామ్ బొమ్మ ఎదురుపడేసరికి మాత్రం 'కాస్త సెంటిమెంటల్' అని తేల్చేసి పేజీ తిప్పేస్తాం.

హెలెన్‌కి డబ్బు కావాలి. చదువుతూ కూచునే వీల్లేదు. పత్రికలకి బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. 1869 డిసెంబరులో 'ది గ్రాఫిక్' వారపత్రిక మొదలైనప్పుడు దాని చిత్రకారుల బృందంలో ఒకే ఒక్క స్త్రీ ఆమె. ఆ పని ఎలాంటిదో ఒకసారి ఊహించుకోండి. గట్టి కొయ్యదిమ్మె మీద గీయాలి. అచ్చులో పడేసరికి కుడి ఎడమవుతుంది కాబట్టి దానికి తగ్గట్టు గీయాలి. ఆ గీతల మధ్య కొయ్యని చెక్కేవాళ్ళు తీసేస్తారు. గీత తప్పుపడితే సరిదిద్దుకునే అవకాశం ఉండదు. వారం వారం గడువు. అది పియానో పక్కన తీరిగ్గా కూచుని వేసే బొమ్మ కాదు. అది ఉద్యోగం.

ఆ పత్రిక తొలి సంచికలోనే ల్యూక్ ఫిల్డ్స్ ఒక బొమ్మ వేశాడు. చలిరాత్రి తలదాచుకునే చోటు కోసం వరస కట్టి నిలబడ్డ నిరుపేదల బొమ్మ. 1874లో దాన్నే పెద్ద తైలచిత్రంగా మార్చి అకాడమీ ప్రదర్శనలో పెట్టాడు. హ్యూబర్ట్ హెర్కోమర్ కూడా గ్రాఫిక్‌కి బొమ్మలు వేసి పైకొచ్చినవాడే. ఇద్దరూ అకాడమీ సభ్యులయ్యారు. ఇద్దరికీ సర్ బిరుదులొచ్చాయి. వాళ్ళని సామాజిక వాస్తవికతకి ప్రతినిధులని కళాచరిత్ర పుస్తకాలు రాస్తాయి. అదే పత్రికలో, అదే దిమ్మెల మీద, అదే గడువులకి పనిచేసిన హెలెన్‌కి మాత్రం 'సుకుమారమైన' అన్న విశేషణం దక్కింది. ఆ ఇద్దరి ప్రతిభని నేను తక్కువ చెయ్యడం లేదు. దిమ్మె మీది బొమ్మని పెద్ద కాన్వాసు చెయ్యడానికి ఏమేం కావాలో లెక్కవెయ్యమంటున్నాను. స్టూడియో, కూలి ఇచ్చి నిలబెట్టుకునే నమూనాలు, శరీరం గీయడంలో శిక్షణ, నెలల తరబడి సంపాదన లేకపోయినా గడిచే ఇల్లు. ఇవేవీ ప్రతిభ కిందికి రావు.

ఇక నీటిరంగులు ఆమె 'స్వభావానికి' సరిపోయాయని రాస్తారు. స్వభావమట! నీటిరంగులకి టర్పెంటైన్ వాసన లేదు. ప్రత్యేకంగా గది అక్కర్లేదు. అతిథులొస్తే, బిడ్డ ఏడిస్తే పెట్టె మూసి పక్కన పెట్టొచ్చు. కాస్త ఉన్న విక్టోరియన్ కుటుంబాల్లో ఆడపిల్లలకి సంగీతంతో పాటు నేర్పించే విద్య అది. తమాషా ఏమిటంటే అవే నీటిరంగులు టర్నర్ చేతిలో, గర్టిన్ చేతిలో ఉన్నప్పుడు అది ఇంగ్లండ్ ప్రపంచానికిచ్చిన మహాకళ. ఆడవాళ్ళ చేతిలోకొస్తే పెళ్ళిచూపులకి పనికొచ్చే అర్హత. మనకిది కొత్తేం కాదు. ఆడవాళ్ళు రాస్తే వంటింటి కథలు, ఆ వంటింటినే మగ రచయిత రాస్తే సూక్ష్మ జీవన పరిశీలన. ఈ చిత్రకారిణి మీద నేను రాసిన ఒక పత్రం చదివి ఒక పెద్దాయన "బాగుందమ్మా, కానీ ఇంకొంచెం పెద్ద ఆర్టిస్టుని తీసుకోవాల్సింది" అన్నారు. పెద్ద అంటే ఎంత, ఎన్ని అడుగులు అని అడుగుదామనుకున్నాను.

ఆమె పనితనం తెలియాలంటే పువ్వుల దగ్గర కాకుండా గోడల దగ్గర ఆగి చూడాలి. పాచిపట్టిన పెంకులు, వంగిన పైకప్పు దూలాలు, ఒక్కో ఇటికకి ఒక్కో ఎరుపు. తెల్లరంగు పులిమేసి వెలుగు తెప్పించడం తేలిక. ఆమె అలా చెయ్యదు. కాయితాన్నే కత్తిమొనతో గీకి, స్పాంజితో తుడిచి, అడుగునున్న తెలుపుని పైకి తీస్తుంది. ఒక్క గీత ఎక్కువైతే కాయితం చిరిగి రోజుల పని పోతుంది. ఈ చేతిని 'సుకుమారమైన' అంటే నాకు నవ్వొస్తుంది. అది కొయ్యదిమ్మెల మీద గట్టిపడ్డ చెయ్యి.

1874లో థామస్ హార్డీ నవల 'ఫార్ ఫ్రం ది మాడింగ్ క్రౌడ్' కార్న్‌హిల్ మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. బొమ్మలు హెలెన్‌వి. సంపాదకుడు లెస్లీ స్టీఫెన్, అంటే వర్జీనియా వూల్ఫ్ తండ్రి. తనకి బొమ్మలు వేసినవాళ్ళలో ఆమే మేటి అని హార్డీ తర్వాత కాలంలో మెచ్చుకున్నాడు. ఆ ధారావాహిక నడుస్తుండగానే ఆగస్టులో విలియం అలింగ్‌హామ్ అనే ఐరిష్ కవిని పెళ్ళి చేసుకుంది. ఆయనకి యాభై, ఆమెకి ఇరవై అయిదు. పెళ్ళయిన స్త్రీ సంపాదన ఆమెదేనని ఇంగ్లండ్ చట్టం ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్ళే. 1870కి ముందైతే ఆమె కొయ్యదిమ్మె మీద సంపాదించిన ప్రతి పైసా చట్టప్రకారం భర్తదే అయ్యుండేది. ఆ చట్టం కోసం పోరాడినవాళ్ళలో ముందు నిలిచిన బార్బరా బోడిషన్ కూడా నీటిరంగుల చిత్రకారిణే. నీటిరంగులంటే సాత్వికం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బావుంటుంది.

1881లో ఆ కుటుంబం సర్రే ప్రాంతంలోని సాండ్‌హిల్స్‌కి మారింది. ఇప్పుడు కేలండర్ల మీద, గ్రీటింగ్ కార్డుల మీద, బిస్కట్ డబ్బాల మీద మనం చూసే ఆ కాటేజీ బొమ్మలకి పుట్టిల్లు అది. గేటు దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లి. కంచె మీద ఆరేసిన బట్టలు. గుమ్మం ముందు కోళ్ళు. ఈ బొమ్మల మీద ఒక న్యాయమైన ఆరోపణ ఉంది. దాన్ని దాటేసి ఆమెని వెనకేసుకొస్తే నా వాదన చెల్లదు. 1870ల చివర్లో ఇంగ్లండ్ పల్లెల్లో వ్యవసాయం కుప్పకూలింది. 1879లో వానలకి పంటలు కుళ్ళిపోయాయి. అమెరికా నుంచి చవక ధాన్యం వచ్చిపడింది. కూలీలు పట్నాలకీ పరాయి దేశాలకీ వలసపోయారు. అందంగా కనిపించే ఆ కాటేజీల్లో చెమ్మ, ఇరుకు, జబ్బులు. హెలెన్ బొమ్మల్లో ఆకలి లేదు. ఆప్రాన్లు మల్లెపూవుల్లా ఉంటాయి. అందులో ఉన్న స్త్రీలకి పేర్లు లేవు. మధ్యతరగతి చిత్రకారిణి పేద స్త్రీల బతుకుని పట్నం డబ్బున్నవాళ్ళకి నచ్చేలా కడిగి ఆరేసింది అంటే, కాదనలేను. ఆ స్త్రీలు తమ బొమ్మ తామే గీసుకుని ఉంటే ఇలా గీసేవాళ్ళు కాదు. ఆడవాళ్ళందరం ఒకటే అని ఈ వర్గభేదాన్ని కప్పిపుచ్చే స్త్రీవాదం నాకు వద్దు.

కానీ ఇంకోటి కూడా చూడండి. ఈ బొమ్మల్లో మగవాళ్ళు దాదాపు లేరు. ఆ ఇల్లు ఆడవాళ్ళ పనిచోటు. నీళ్ళు మోయడం, బట్టలు ఉతకడం, బిడ్డని ఎత్తుకోవడం, వాకిలి చూసుకోవడం. అన్నీ అందంగా ఉన్నాయి నిజమే, కానీ అన్నీ పనులే. ఆ ఇళ్ళని అప్పట్లో కూలగొడుతున్నారు, లేదా కొత్తగా వచ్చిన ఆసాములు హంగులు మార్చి కొనుక్కుంటున్నారు. కిటికీ మార్చేసిన చోట కూడా ఆమె పాత చిన్నగళ్ళ కిటికీనే తిరిగి గీసేది. అది అబద్ధమా, రికార్డా? రెండూనేమో. ఈ రెండు ప్రశ్నల్నీ పక్కపక్కన పెట్టుకుని ఆమె బొమ్మల ముందు నిలబడ్డ విమర్శ నాకు చాలా అరుదుగా కనిపించింది. ఒకరు తిడతారు, ఒకరు మురుస్తారు.

పేర్లు పెట్టిన పెద్దమనుషుల్ని కూడా చూద్దాం. 1883లో జాన్ రస్కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె మీదా, ఆమె స్నేహితురాలు కేట్ గ్రీనవే మీదా కలిపి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మెచ్చుకున్నాడు. బొమ్మలమ్మి బతికే ఇద్దరు స్త్రీల మీద ఇచ్చిన ఆ ఉపన్యాసానికి పేరు 'ఫెయిరీ లాండ్'! 1889 నవంబరులో విలియం పోయాడు. వెనకేసిందేమీ పెద్దగా లేదు. ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి ఏడేళ్ళు. ఫెయిరీ లాండ్‌లో అద్దెలుండవు కాబట్టి రస్కిన్‌కి ఆ ఇబ్బంది తెలిసి ఉండదు. ఆ మరుసటి సంవత్సరమే సొసైటీ పూర్తి సభ్యత్వం. చరిత్ర పుస్తకాలకి 1890 ఆమె విజయం సాధించిన ఏడు. ఆమెకి మాత్రం అది ఇంటి భారం మొత్తం ఒక్క కుంచె మీద పడ్డ మొదటి ఏడు.

ఆమె ఎందుకు మారలేదు, కొత్త విషయాలెందుకు ఎత్తుకోలేదు, అవే కాటేజీలు మళ్ళీ మళ్ళీ ఎందుకు వేసింది అని అడిగేవాళ్ళకి సమాధానం అక్కడుంది. అవి అమ్ముడుపోయేవి. ప్రయోగం చెయ్యాలంటే ఓడిపోయే స్తోమత ఉండాలి. పిల్లల చదువుల ఖర్చుతో ప్రయోగం చెయ్యలేదని ఒక తల్లిని తప్పుపట్టే కళావిమర్శని నేను గౌరవించలేను.

1903లో 'హ్యాపీ ఇంగ్లండ్' పుస్తకం వచ్చింది, ఆమె రంగుల బొమ్మలతో. రాసినవాడు మార్కస్ హ్యూయిష్. ఈయనెవరు? ఆమె బొమ్మలు ప్రదర్శించి అమ్మే ఫైన్ ఆర్ట్ సొసైటీ అధిపతి. అంటే వందేళ్ళకి పైగా ఆమె మెడలో వేలాడుతున్న ఆ పేరు సరుకు అమ్ముకునేవాడు రాసిన చీటీ! పాపం మన విమర్శకులు, దాన్నే చిత్రకారిణి ప్రాపంచిక దృక్పథం అనుకుని దాని మీద పేజీలకి పేజీలు రాశారు. ఇంగ్లండ్ హాయిగా ఉందని ఆమె అందని చెప్పడానికి ఆ చీటీ సాక్ష్యం కాదు.

1907లో విలియం డైరీ అచ్చయింది. సంపాదకత్వం హెలెన్, ఇంకో స్త్రీ డాలీ రాడ్‌ఫర్డ్. టెన్నిసన్ గురించి, కార్లైల్ గురించి పరిశోధన చేసేవాళ్ళు ఇవాళ్టికీ ఆ డైరీ తిరగెయ్యక తప్పదు. భర్త రోజువారీ మాటల్ని పోగేసి, దుమ్ము దులిపి, పుస్తకంగా నిలబెట్టింది భార్య. అప్పటికి ఆమెకి అరవై దగ్గరపడుతున్నాయి, బొమ్మలు వేస్తూనే ఉంది. అటూ ఇటూ మారిస్తే ఈ కథ ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాను. పెళ్ళాం పెయింటింగు డైరీని ఎడిట్ చేస్తూ కూచున్న విక్టోరియన్ కవి... ఊహకి అందలేదు.

అందుకే మన పత్రాల్లో 'మొదటి మహిళ' జాబితాలు తయారు చెయ్యడం కొంతకాలం ఆపుదామంటున్నాను. ఆ జాబితాలో చేరాలంటే ఏదో ఒక మగ సంస్థ తలుపు తియ్యాలి. ఆ తలుపు దగ్గరికే వెళ్ళని వాళ్ళు, వెళ్ళి రెండు ఓట్లతో వెనక్కి వచ్చినవాళ్ళు, దిమ్మెల మీద గీసి సంతకం లేకుండా పోయినవాళ్ళు ఆ జాబితాకి ఎప్పుడూ ఎక్కరు. అలింగ్‌హామ్ గురించి రాసేటప్పుడు ఎవరి సంపాదనతో ఇల్లు గడిచింది, ఎవరు కొన్నారు, ఏ తరగతి గది తలుపు మూసి ఉంది, ఆమె బొమ్మలో నిలబడ్డ ఆ పేరులేని పల్లెటూరి స్త్రీ ఆ పూట ఏం తింది అని అడుగుదాం. ఆమె గొప్పదా కాదా అన్న తీర్పు నాకంత ముఖ్యం కాదు. గొప్పది అనడానికి వాడే కొలబద్ద ఎవరి వడ్రంగి చేశాడన్నది ముఖ్యం.

పిన్ని పొడి అక్షరాలతో లోపలికి వెళ్ళింది. హెలెన్ తన నీటిరంగుల బొమ్మల కింద 'హెచ్. అలింగ్‌హామ్' అని సంతకం చేసేది. చూసేవాళ్ళకి ఆడో మగో తెలీదు. 1922లో థామస్ హార్డీ కొత్త కవితా సంపుటిలో 'ది ఆపర్చునిటీ' అనే కవిత వచ్చింది. అంకితం 'హెచ్.పి. కోసం'. అంటే హెలెన్ పాటర్సన్. అవకాశం ఎవరి చెయ్యి జారిందని ఆయన బాధో, కవిత పేరులోనే ఉంది. ఆయన జీవితచరిత్రల్లో ఈ కవిత వల్ల ఆమెకి కాస్త చోటు దొరికింది. ఆయన నవలకి ఆమె వేసిన బొమ్మల కంటే, ఆయన చేసుకోలేకపోయిన పెళ్ళి వల్లే ఎక్కువ! ఆ సంపుటి వచ్చేసరికి ఆమెకి 73 ఏళ్ళు. పెళ్ళయిన యాభయ్యో ఏడు దగ్గరపడుతోంది, వైధవ్యానికి ముప్ఫై దాటాయి. నాలుగేళ్ళ తర్వాత సర్రేలో హాజిల్‌మియర్ దగ్గర ఒక పాత స్నేహితురాలి ఇంట్లో ఉండగా పోయింది.

చివర్లో చెప్తానన్న సంగతి కూడా 1922దే. ఆ ఏడాది నవంబరులో రాయల్ అకాడమీ, కాఫ్‌మన్, మోజర్‌ల తర్వాత మళ్ళీ మొట్టమొదటిసారిగా ఒక స్త్రీని ఎన్నుకుంది. పేరు ఆనీ స్విన్నర్టన్. పూర్తి సభ్యత్వం కాదు, అసోసియేట్. పూర్తి సభ్యత్వానికి లారా నైట్ దాకా, 1936 దాకా ఆగాల్సి వచ్చింది. స్విన్నర్టన్‌కి అప్పటికి 78 ఏళ్ళు.